తెల్లచెలిమ టీవీ యథాపూర్వ పునరుద్ధరణ

మా సంస్థ పేరు స్మారక యంత్ర పరిరక్షణ సంచాలక కార్యాలయం. మూలనపడ్డ పాత యంత్రాలను వెతికి పట్టుకుని, బాగుచేసి, ఎక్కడివక్కడ నిలబెట్టడం మా పని. నేను అందులో సహాయ పరిరక్షణాధికారిని. మా సంచాలకులు డాక్టర్ వామనమూర్తిగారు పదవిలోకి వచ్చీ రాగానే యథాపూర్వ నియమాన్ని ప్రవేశపెట్టారు. దాని సారాంశం చాలా సులువు. బాగుచేసిన వస్తువు ఎలా పనిచేయాలో అలా కాదు, ఒకప్పుడు ఎలా పనిచేసిందో అలా పనిచేయాలి.

ఈ నియమం కింద మేము సాధించిన తొలి విజయం ఒక పాత కచేరీలోని గోడగడియారం. దాన్ని విప్పి, తుడిచి, నూనె వేసి, సరైన సమయం చూపించేలా చేశాం. తీరా విచారిస్తే అది బతికినన్నాళ్లూ అరగంట ఆలస్యంగానే నడిచిందని తేలింది. వెంటనే ముల్లు అరగంట వెనక్కి తిప్పాం. ఆ కచేరీ ఉద్యోగులు మా కృషిని ఎంతో గౌరవించారు. వచ్చేటప్పుడు గోడగడియారం చూసుకుని వచ్చేవారు, వెళ్లేటప్పుడు చేతిగడియారం చూసుకుని వెళ్లేవారు.

ఆ ఉత్సాహంలో ఉండగానే తెల్లచెలిమ టీవీ మా దృష్టికి వచ్చింది.

తెల్లచెలిమ కర్నూలు వైపు చిన్న పల్లె. డెబ్భైలలో ప్రభుత్వం ఆ ఊరి పంచాయతీకి ఒక టీవీ ఇచ్చింది. చెక్క పెట్టె, ముందు మడత తలుపులు, లోపల బల్బుల్లాంటి గాజు వాల్వులు. సాయంత్రం తలుపులు తీస్తే ఊరంతా చూసేది. కొన్నేళ్లకు అది చెడిపోయింది. పంచాయతీ గదిలోనే ఒక మూల యూరియా బస్తాల వెనక ఉండిపోయింది. మేము వెళ్లేసరికి దాని మీద ఒక కోడి పొదుగుతోంది. అది గుడ్లు పిల్లలయ్యేదాకా లేవదని సర్పంచ్ చెప్పాడు. పరికరం పైనున్న జీవి పరికరంలో భాగమా కాదా అనే ప్రశ్న మీద ఆఫీసుకు రాసి జవాబు కోసం ఎదురుచూశాం. జవాబు వచ్చేలోపే పిల్లలు బయటికొచ్చి, కోడి తనంతట తానే దిగిపోయింది.

మరమ్మతుకు ఒప్పుకున్నది సుంకులమ్మగారు. ఆమె పట్నంలో ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చెబుతారు. పుట్టింది తెల్లచెలిమలోనే. ఇలాంటి సెట్టు ఒకటి ఉందని మాకు రాసింది కూడా ఆమే. సెలవు పెట్టి మరీ వచ్చారు. యాభై దాటిన మనిషి, మెడలో కళ్లజోడు తాడుకు వేలాడుతూ ఉంటుంది, మాట్లాడటం తక్కువ. సెట్టు వెనక అట్ట విప్పి లోపలికి చూసిన రోజు మాత్రం ఆమె ముఖం పండగ చేసుకుంది.

ఎలుకలు కొరికిన తీగలన్నీ మార్చారు. ఎండిపోయిన కెపాసిటర్లు తీసి కొత్తవి వేశారు. నల్లబడిన వాల్వు కాళ్లను గీకి మెరిపించారు. పగిలిన ఒక వాల్వుకు సాటిది ఎక్కడా దొరక్కపోతే పాత రేడియోల సంతల్లో తిరిగి పట్టుకొచ్చారు. ఒక్కసారిగా కరెంటు ఇస్తే పాత ప్రాణం తట్టుకోదని, కొద్దికొద్దిగా పెంచుతూ సెట్టును మేల్కొలిపారు. ఇప్పుడు ఆ రకం ప్రసారాలు లేవు కాబట్టి, అలాంటి సిగ్నలే పంపే చిన్న పెట్టె ఒకటి స్వయంగా చేసి దానికి కలిపారు.

వాల్వులు ఎర్రగా వెలిగాయి. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. కాసేపటికి తెర మీద నలుపు తెలుపుల్లో ఒక కొండ, దాని ముందు ఒక మేక నిలబడ్డాయి. మేక వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు, అంత స్పష్టంగా ఉంది బొమ్మ. గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. సుంకులమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ మేకను అలాగే చూస్తూ ఉండిపోయారు.

మరుసటి వారం సంచాలకులు పరిశీలనకు వచ్చారు. మేకను చూసి ఆయన ముఖం ముడుచుకుంది.

“ఇంత స్పష్టంగా ఉండేదా?” అని అడిగారు.

యథాపూర్వ నియమం ప్రకారం సాక్ష్యం సేకరించాలని సంచాలకులు ఆదేశించారు. ఆనాటి ప్రేక్షకుల్లో బతికున్నవాళ్లను రప్పించి, పంచాయతీ గదిలో బెంచీల మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ విచారించాం. అందరి మాటా ఒకటే. బొమ్మ ఎప్పుడూ సరిగా వచ్చిన పాపాన పోలేదు. మంచు కురిసినట్టు చుక్కలు పడేవి. గాలొస్తే డాబా మీద ఏంటెనా పక్కకు తిరిగిపోయేది. అప్పుడు మద్దిలేటి అనే కుర్రాడు పైకెక్కి దాన్ని తిప్పుతూ వచ్చిందా అని అరిచేవాడు, కిందివాళ్లు రాలేదని అరిచేవాళ్లు. అన్నిటికన్నా ముఖ్యమైన సాక్ష్యం లింగారెడ్డిగారిది. ఆయన అప్పట్లో పంచాయతీ మెంబరు, ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డారు.

“బొమ్మ గిర్రున పైకి పొయ్యేది సార్” అన్నారాయన. “ఎడమ పక్కన అరచేత్తో ఒక్కటిస్తే నిలబడేది. నేనే కొట్టేవాణ్ణి. వేరేవాళ్లు కొడితే వినేది కాదు.”

సంచాలకులు సుంకులమ్మగారి వైపు తిరిగారు. “మీరు యంత్రాన్ని బాగుచేశారు. ఆ క్రమంలో అనుభవాన్ని ధ్వంసం చేశారు” అన్నారు బాధగా.

“చెడగొట్టమంటే చెడగొడతా సార్. దాన్ని బాగుచెయ్యడం అనొద్దు, అంతే.”

“అనం. దోష పునఃప్రతిష్ఠ అంటాం.”

ఆమెకు చేతులు రాలేదు. రెండు రోజులు ఆ సెట్టు చుట్టూ తిరిగి, చివరికి లోపలి భాగం దేన్నీ ముట్టుకోకుండా వెనకపక్క తీగతో ఒక చిన్న మీట అమర్చారు. అటు తిప్పితే బొమ్మ పైకి పరిగెడుతుంది, ఇటు తిప్పితే నిలబడుతుంది. లింగారెడ్డిగారు అరచేత్తో కొట్టిన క్షణంలోనే ఆమె వెనక నిలబడి మీట తిప్పాలి. పరీక్ష చేసి చూశాం. పెద్దాయన కొట్టారు, బొమ్మ నిలబడింది. ఆయన తన అరచేతిని చూసుకుని చాలా సంతోషించారు.

అయితే కొట్టడానికి ఒక మనిషి, ఏంటెనా తిప్పడానికి ఒక మనిషి కావాలంటే రెండు ఉద్యోగాలు మంజూరు కావాలి. అలాంటి ఫైలు మా తరంలో కదలదు. సంచాలకులు అక్కడే తమ మేధస్సు చూపించారు. వాళ్లు ఉద్యోగులు కారు, పరికరపు అనుబంధ భాగాలు అని నిర్ణయించారు. లింగారెడ్డిగారు హస్తస్పర్శ నియంత్రకం. మద్దిలేటి ఊర్ధ్వదిశా నిర్దేశకం. ఇద్దరి మెడల్లోనూ నంబరు బిళ్లలు వేశాం. భాగాలన్నిటికీ వారం వారం దుమ్ము దులపాలన్నది మా నిబంధన. కాబట్టి నేనే మెత్తని కుంచెతో లింగారెడ్డిగారి భుజాలు దులిపేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని దులిపించుకునేవారు. ఇంట్లో కోడలు కూడా ఇంత మర్యాద చెయ్యదని ఒకసారి అన్నారు.

మద్దిలేటి విషయంలో చిన్న ఇబ్బంది వచ్చింది. అతనికి ఇప్పుడు మోకాళ్లు వంగవు, మెట్లెక్కలేడు. ఏంటెనాను కిందికి దించుదామని సర్పంచ్ అన్నాడు. ఏంటెనా కింద ఉంటే అది యథాపూర్వం కాదు. అందుకని ఊరి చెరువు పనికొచ్చిన జేసీబీ తొట్టిలో మద్దిలేటిని కూర్చోబెట్టి డాబా మీదికి ఎత్తాం. పైన ఒక నులకమంచం, నీళ్ల కుండ, గొడుగు ఏర్పాటు చేశాం. పరీక్షలు జరిగినన్నాళ్లూ పగలంతా అక్కడే ఉండేవాడు. ఊళ్లో ఎవరి పెళ్లాం ఎవరితో పోట్లాడుతోందో పైనుంచి బాగా కనిపిస్తోందని, ఇంత కాలక్షేపం ఎప్పుడూ లేదని చెప్పాడు.

తర్వాత ప్రేక్షకుల సమస్య. సెట్టు యథాపూర్వంగా ఉండి, చూసేవాళ్లు ఎవరు పడితే వాళ్లు అయితే ప్రయోజనం ఏముంది? ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చునేవారో వాళ్లనే అడిగి, నేల మీద సున్నంతో గళ్లు గీశాం. చనిపోయినవాళ్ల గళ్లలో వారసులు కూర్చోవాలి. ఒక గడి కోసం ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకున్నారు. నాన్న ఆ స్తంభానికి ఆనుకుని నిద్రపోయేవాడని, ఆ నిద్ర మీద తనకే హక్కుందని పెద్దవాడు వాదించాడు. విచారించి, ఇద్దరూ వంతులవారీగా నిద్రపోవాలని తీర్పు ఇచ్చాం.

గళ్లు గీస్తుండగా సంచాలకులకు ఒక సందేహం వచ్చింది. ఈ సెట్టు గురించి సుంకులమ్మగారికి ఇంత వివరంగా ఎలా తెలుసు? ఆ మాటే ఆమెను అడిగారు.

“నేనూ చూసేదాన్ని సార్, చిన్నప్పుడు.”

“అయితే మీరూ మూల ప్రేక్షకులే! మీ స్థానం ఎక్కడ?”

ఆమె సోల్డరింగ్ గన్ను పక్కన పెట్టి, గదికి ఉత్తరాన ఉన్న కిటికీ చూపించారు. “దానికవతల.”

ఆమెది ఎస్సీ కాలనీ. ఆ కాలనీ జనమంతా కిటికీ బయట నిలబడి చూసేవారట. లోపలికి రావద్దని ఎవరూ చెప్పలేదు. రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్లు ముందు నిలబడితే పిల్లలు వెనక బోర్లించిన గంపల మీద ఎక్కేవారు.

సంచాలకుల ముఖం వెలిగిపోయింది. సాక్ష్యంలో ఇంత ముఖ్యమైన విషయం బయటపడనందుకు నన్ను మందలించారు. కిటికీ కూడా మన పరిధిలోకి వస్తుందన్నారు. అప్పటి ఊచలు తీసేసి అద్దాల తలుపులు పెట్టి ఉన్నాయి. మర్నాడే అద్దాలు ఊడదీయించి, తుప్పు పట్టిన ఊచలు పాత ఇనుప సామాన్ల కొట్లో వెతికి తెప్పించి బిగించాం. కిటికీ బయట నేల మీద కూడా గళ్లు గీయమన్నారు. ప్రారంభోత్సవం నాడు సుంకులమ్మగారు, కాలనీవాళ్లు ఆ గళ్లలో నిలబడాలి.

నాకు ఒక చిన్న అనుమానం కలిగింది. ఇది చట్టం ఒప్పుకోదేమో అని మెల్లగా అన్నాను.

“మీరు పొరబడుతున్నారు” అన్నారు సంచాలకులు. “మనం వివక్ష చూపడం లేదు. వివక్షను పరిరక్షిస్తున్నాం.”

నేను పక్కకు వచ్చేశాను. ఆ సాయంత్రం సుంకులమ్మగారు పని చేయలేదు. సెట్టు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. టీ తెచ్చి ఇస్తే తీసుకున్నారు, తాగలేదు. వెళ్లిపోతారేమో అనుకున్నాను. వెళ్లిపోతే తప్పు లేదని కూడా అనుకున్నాను, బయటికి అనలేదు.

“మా ముందర మా పెదనాయన నిలబడేవాడు సార్” అన్నారామె. “పొడుగు మనిషి, పెద్ద తలగుడ్డ. నాకు బొమ్మలో పైసగమే కనపడేది. టీవీలో మనుషులకు కాళ్లుండవనే అనుకున్నా చానా రోజులు. ఆ కిందిసగం చూద్దామనే ఈ పనిలోకి వచ్చినా.”

“ప్రారంభోత్సవానికి రారా?” అని అడిగాను.

“ఏంటికి రాను? సెట్టు నాది కదా.”

ప్రారంభోత్సవానికి పాత కార్యక్రమమే ఉండాలి. పాత టేపులు ఎక్కడా మిగల్లేదు. అందువల్ల వ్యవసాయ శాఖలో ఒక అధికారిని బతిమాలి, పెద్ద కాలరు చొక్కా తొడిగి, చెంపల దాకా మీసాలు అతికించి, వేరుశనగ చీడపీడల మీద కొత్తగా ఒక పాత కార్యక్రమం తీయించాం. ఆయన మధ్యలో ఒకచోట దగ్గారు. ఆ దగ్గు చాలా సహజంగా, ఆ కాలానికి తగినట్టుగా ఉందని సంచాలకులు ఉంచేశారు.

ప్రారంభోత్సవం రోజు సాయంత్రం మూల ప్రేక్షకులు, వారసులు గళ్లలో కూర్చున్నారు. లింగారెడ్డిగారు బిళ్ల వేసుకుని సెట్టు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. డాబా మీద మద్దిలేటి సిద్ధంగా ఉన్నాడు. కాలనీవాళ్లు ఏభై మంది దాకా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి, కిటికీ బయట గీసిన గళ్లను చూసుకుంటూ వాటికి కొంచెం దూరంగా నిలబడ్డారు. ఎవరూ గళ్లలో కాలు పెట్టలేదు. సుంకులమ్మగారు ఆకుపచ్చ నేత చీర కట్టుకుని వచ్చారు. నేరుగా గుమ్మంలోంచి లోపలికి నడిచి, సెట్టు వెనకకు వెళ్లారు.

సంచాలకులు దగ్గి, మర్యాదగా కిటికీ వైపు చెయ్యి చూపించారు.

“నేనక్కడ నిలబడితే మీట ఎవరు తిప్పుతారు సార్?” అన్నారామె. “పెద్దాయన కొట్టినప్పుడల్లా నేను తిప్పాల. లేకుంటే బొమ్మ నిలబడదు.”

“కానీ మీరు ప్రేక్షకులు.”

“కాదు సార్. నేను సెట్టులో భాగాన్ని.”

సంచాలకులు ఆలోచనలో పడ్డారు. కొట్టే మనిషి భాగమైనప్పుడు, తిప్పే మనిషి భాగం కాకుండా ఎలా పోతుంది? ఆమె భాగం కాదంటే లింగారెడ్డిగారూ కారు. లింగారెడ్డిగారు కాకపోతే ఆయన ఉద్యోగి అవుతారు. మంజూరు లేని ఉద్యోగి ఉన్నాడంటే మొత్తం కార్యాలయం మీద విచారణ పడుతుంది. సంచాలకులు నా వైపు చూశారు. నేను సంచిలోంచి ఒక బిళ్ల తీసి, నంబరు వేసి, సుంకులమ్మగారి చేతికిచ్చాను. ఆమె దాన్ని కళ్లజోడు తాడుకే తగిలించుకున్నారు.

ఆ తర్వాత ఆమె చాలా నెమ్మదిగా, క్లాసులో పాఠం చెప్పినట్టు మాట్లాడారు. ప్లగ్గు వదులుగా ఉందని, ఆ రోజుల్లోనూ వదులేనని, దాన్ని పట్టుకోవడానికి ఒకరు కావాలని అన్నారు. కిటికీ అవతలి నుంచి ఏసన్నను పిలిచారు. అతను ప్లగ్గు పట్టుకున్నాడు. బిళ్ల వేశాం. చెక్క తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి, చెరో పక్కా ఒకరు పట్టుకోవాలి. ఇద్దరు అక్కాచెల్లెళ్లు వచ్చారు. వాల్వులు వేడెక్కుతాయి, విసనకర్రతో విసరాలి. నలుగురు ముసలమ్మలు వచ్చారు. ఓల్టేజీ పడిపోతే చెప్పడానికి ఒకరు, చెప్పింది వినిపించుకోవడానికి ఒకరు. డాబా మీది కేకలు లోపలికి అందించడానికి వరసగా పన్నెండు మంది. ప్రతి ఒక్కరూ సాంకేతికంగా అవసరమేనని ఆమె చెప్పారు, కాదనడానికి మాలో ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. బిళ్లలు అయిపోతే అగ్గిపెట్టె అట్టల మీద నంబర్లు వేసి ఇచ్చాను. మా నిబంధన ప్రకారం కొత్తగా చేరిన భాగాలన్నిటినీ కుంచెతో దులిపాను కూడా. ఒక ముసలమ్మకు చక్కిలిగింత పుట్టి కిలకిలా నవ్వింది.

కాలనీ మొత్తం లోపలికొచ్చింది. గదిలో కాలు పెట్టే చోటు లేదు. కరెంటు నడుస్తున్న పరికరానికీ ప్రేక్షకులకూ మధ్య రెండు బారల దూరం ఉండాలన్నది మా భద్రతా సూత్రం. పరికరమేమో ఇప్పుడు గోడ దాకా విస్తరించి ఉంది. ఆ సూత్రాన్ని పైకి చదివి వినిపించాల్సిన బాధ్యత నాదే కాబట్టి చదివాను. గళ్లలోని ప్రేక్షకులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, లేచి, బయటికి నడిచారు. స్తంభం దగ్గర నిద్రపోతున్న పెద్దకొడుకును తమ్ముడు లేపి తీసుకుపోయాడు. వాళ్లు వెళ్లి నిలబడటానికి కిటికీ బయట గళ్లు ముందే గీసి ఉన్నాయి.

సుంకులమ్మగారు సెట్టు వెనక నిలబడే ఉన్నారు. లింగారెడ్డిగారు బెంచీ మీద పరుచుకున్న తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. కొంచెం పక్కకు జరిగారు.

“ఈడ కూచోమ్మా సుంకులమ్మా” అన్నారు. “చోటుంది.” తన అరచేతి వైపు చూసుకుంటూ, “అప్పుడూ ఉండె” అన్నారు.

ఆమె మీట తీగను పొడుగు చేసి ముందుకు తెచ్చుకుని, వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు.

కరెంటు ఇచ్చారు. వాల్వులు వెలిగాయి. డాబా మీద నుంచి వచ్చిందా అన్న కేక పన్నెండు నోళ్లు దాటి లోపలికొచ్చింది. బొమ్మ గిర్రున పైకి పరిగెత్తింది. లింగారెడ్డిగారు చెయ్యెత్తారు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని ఆపి, మీట ఇటు తిప్పారు. బొమ్మ నిలబడింది. వేరుశనగ చేను, చేనులో పెద్ద కాలరు అధికారి, తల నుంచి పాదాల దాకా.

సంచాలకులు భాగం కారు. మూల ప్రేక్షకులూ కారు. ఆయనకు లోపలా గడి లేదు, బయటా గడి లేదు. మొదట గుమ్మంలో నిలబడ్డారు. గుమ్మం దగ్గర ఓల్టేజీ మనుషులు ఉండటంతో బయటికి జరిగి, కిటికీ దగ్గర జనం వెనక చేరారు. నేనూ ఆయన పక్కనే ఉన్నాను. ఆయనది పొట్టి విగ్రహం. ఎవరో గంప బోర్లించి ఇచ్చారు. దాని మీద ఎక్కి, సర్పంచ్ భుజం మీదుగా ఊచలు పట్టుకుని మెడ సాచారు.

“సుంకులమ్మగారూ, ఏం వస్తోంది?” అని అడిగారు.

ఆమె తెర మీంచి కళ్లు తిప్పలేదు. “ఎర్ర గొంగళి పురుగు సార్. ఊచ అడ్డమొస్తాది, తల కొంచెం ఎడమకు వంచండి. అట్లయితే కనపడ్తాది.”

సంచాలకులు తల ఎడమకు వంచారు.